కొత్తగా లైసెన్స్ వచ్చిన కొడుక్కి లగ్జరీ కారు కొనివ్వవచ్చా?

మీ అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్స్ చేతికి వచ్చిందని, కాలేజీలో చేరుతున్న సందర్భంగా పేరున్న జర్మన్ కంపెనీ సెడాన్ ఒకటి, అందులోనూ పెద్ద ఇంజన్ ఉన్న మోడల్, కొనిస్తానని మాట ఇచ్చారని, మీ శ్రీమతి మాత్రం డబ్బు విలువ తెలియాలంటే ముందు ఏదైనా పాత కారు ఇద్దామంటున్నారని రాశారు. స్థోమతకు లోటు లేదని, ఖరీదైన కారులో పిల్లవాడు క్షేమంగా ఉంటాడన్న ధీమాతోనే ఆ మాట ఇచ్చానని కూడా చెప్పారు. కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలకు, ఎక్కువగా కలిగిన కుటుంబాల పిల్లలకు, డ్రైవింగ్ నేర్పే పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ని కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. మంచి కారు కొనండి, భద్రత విషయంలో ఖర్చుకు వెనకాడకండి. కానీ మీరు అనుకుంటున్న పెద్ద ఇంజన్ మోడల్ వద్దు, కొన్న కారు మొదటి ఏడాది మీ అబ్బాయికి సొంతం కాకూడదు. మీ ఇద్దరి వాదనా కారు ధర చుట్టూనే తిరుగుతోంది, ప్రమాదం మాత్రం ఇంజన్ శక్తిలోనూ తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్న దానిలోనూ ఉంది కనుక, ఈ రెండు షరతులకూ కారణాలు కాస్త వివరంగా చెప్పాలి.

ముందు పాత కారు సంగతి తేలుద్దాం. పిల్లలకు డబ్బు విలువ తెలియాలన్న మీ శ్రీమతి ఉద్దేశంతో నాకు పేచీ లేదు, కానీ ఆ పాఠం కోసం పదిహేను, ఇరవై ఏళ్ల నాటి డొక్కు కారును పిల్లవాడి చేతికివ్వడం సరైన పద్ధతి కాదు. అనుభవం లేని డ్రైవరుకే కారు నుంచి సాయం అందరికంటే ఎక్కువ అవసరం. తడిసిన రోడ్డు మీద మలుపులో కారు జారుతున్నప్పుడు ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో తనంతట తానే నిర్ణయించి వాహనాన్ని దారిలో నిలబెట్టే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 1995లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్‌తో మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి, ఐరోపా సమాఖ్యలో 2014 చివరి నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఇంకో వాహనం ప్రమేయం లేకుండా కారు తనంతట తాను అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాల అవకాశాన్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ పరిశీలనలో తేలింది. అలాంటి సదుపాయం లేని కారును, డబ్బు ఉండి కూడా, పొదుపు నేర్పడం కోసం ఇవ్వడాన్ని నేను ఏ తల్లిదండ్రులకూ సిఫారసు చేయను. స్థోమత లేనివారు తప్పక చేసే పనిని స్థోమత ఉన్నవారు కోరి చేయనక్కర్లేదు.

ఇక మీ వాదన. ఖరీదైన కారు క్షేమకరమన్నది సగమే నిజం. గట్టి బాడీ, ఎక్కువ ఎయిర్‌బ్యాగులు, మంచి బ్రేకులు, రాత్రిపూట దూరం చూపించే హెడ్‌లైట్లు, ముందున్న వాహనాన్ని గుర్తించి తానే బ్రేకు వేసే ఏర్పాటు, ఇవన్నీ నిజంగా ప్రాణాలు కాపాడేవే. అయితే మీరు షోరూంలో చూసి ఉంటారు, ఒకే మోడల్ రెండు మూడు ఇంజన్లతో వస్తుంది. చిన్న ఇంజన్ ఉన్నదానికీ పెద్ద ఇంజన్ ఉన్నదానికీ బాడీ ఒకటే, ఎయిర్‌బ్యాగులు సాధారణంగా అన్నే. మొదటిది సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది తొమ్మిది సెకన్లలో చేరితే, రెండోది అయిదు సెకన్లలోపే చేరుతుంది. అంటే మీరు అదనంగా చెల్లించే సొమ్ములో ఎక్కువ భాగం వెళ్లేది త్వరగా వేగం అందుకునే సామర్థ్యానికే. పిల్లల కార్ల గురించి పైన చెప్పిన సంస్థ ఇచ్చే సలహా కూడా ఇదే ధోరణిలో ఉంటుంది: మరీ చిన్న, తేలిక కార్లు వద్దు, శక్తి ఎక్కువున్న ఇంజన్లు వద్దు, స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, క్రాష్ పరీక్షల్లో మంచి రేటింగు ఉండాలి.

ఆ మూడు నాలుగు సెకన్ల తేడా ఎందుకంత ముఖ్యమో లెక్కగా చూడండి. వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న డ్రైవరు ఒక అడ్డంకిని చూసి, ఒకటిన్నర సెకన్లలో తేరుకుని, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 45 మీటర్లలో ఆగుతాడు. 120 వేగంలో అదే మనిషికి అదే కారులో దాదాపు 130 మీటర్లు కావాలి. బ్రేకులు ఎంత ఖరీదైనవైనా చివరకు రోడ్డును పట్టుకునేది టైర్లే గనుక ఈ లెక్కలో పెద్దగా మార్పు రాదు. పైగా మంచి లగ్జరీ కారులో బయటి చప్పుడు వినిపించదు, కుదుపు తెలియదు. మామూలు కారులో 80 దాటగానే స్టీరింగూ, గాలి హోరూ ఇచ్చే హెచ్చరిక అందులో 130కి కూడా అందదు. ఏళ్ల తరబడి నడిపిన మీరు స్పీడోమీటరు వైపు చూసే అలవాటుతో దాన్ని సరిదిద్దుకుంటారు. కొత్తవాడికి ఆ అలవాటు ఇంకా ఏర్పడలేదు.

నేర్పేవాడిగా నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఓవర్‌టేకింగ్. శక్తి తక్కువున్న కారు నడిపే కుర్రవాడు ఎదురుగా వస్తున్న వాహనం ఎంత దూరంలో ఉంది, తన ముందున్న లారీ ఎంత పొడవుంది, మధ్యలో ఎంత ఖాళీ దొరుకుతుంది అని లెక్కవేసుకోక తప్పదు, ఎందుకంటే లెక్క తప్పితే కారు కదలదని అతనికి తెలుసు. 350 హార్స్‌పవర్ కారు నడిపేవాడికి ఆ లెక్క అక్కర్లేదు. తప్పు నిర్ణయం తీసుకున్నా పెడల్ నొక్కితే కారు అతన్ని బయటపడేస్తుంది, మొదటిసారి, రెండోసారి, పదోసారి కూడా. ప్రతిసారీ తన నిర్ణయం సరైనదేనన్న నమ్మకం అతనిలో బలపడుతుంది. తప్పులను కప్పిపుచ్చే యంత్రంతో చదువు మొదలుపెట్టినవాడికి ఆ తప్పులు తప్పులని ఎప్పుడు తెలుస్తుందో ఊహించండి. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. శబ్దం లేకుండా, గేరు మార్చే పని లేకుండా, నొక్కిన క్షణంలోనే పూర్తి బలం చక్రాలకు అందుతుంది. పర్యావరణానికి మంచిదన్న ఉద్దేశంతో కొన్న ఫ్యామిలీ కారు కూడా ఒకప్పటి స్పోర్ట్స్ కారులా దూసుకుపోగలదు. కొనేటట్లయితే త్వరణాన్ని తగ్గించే సెట్టింగు ఉన్నదాన్నే చూడండి.

ఇంతవరకూ యంత్రం గురించి చెప్పాను. కారులో ఇంకెవరు ఉంటారన్నది అంతకంటే పెద్ద విషయం. అమెరికాలో 16–19 ఏళ్ల డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు, నడిపిన దూరంతో పోల్చి చూస్తే, ఇరవై దాటినవారి రేటుకు దాదాపు మూడు రెట్లు ఉంది. దాని వెనుక అనుభవలేమి ఒక్కటే కారణం కాదు. 2012లో ట్రిపుల్ ఏ ఫౌండేషన్ ఫర్ ట్రాఫిక్ సేఫ్టీ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, 16, 17 ఏళ్ల డ్రైవరు పక్కన ఇరవై ఒక్క ఏళ్ల లోపు ప్రయాణికుడు ఒకరుంటే ఆ డ్రైవరు మరణించే ముప్పు 44 శాతం పెరుగుతుంది, ఇద్దరుంటే సుమారు రెట్టింపవుతుంది, ముగ్గురు అంతకు మించి ఉంటే దాదాపు నాలుగు రెట్లవుతుంది. ముప్పై అయిదేళ్లు దాటిన పెద్దవారు కూర్చుంటే అదే ముప్పు 62 శాతం తగ్గుతుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్‌పై డ్రైవింగ్ ఆట ఆడించి చూసినప్పుడు, స్నేహితులు పక్కనుంటే కౌమార వయసు పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే చాలా ఎక్కువ తెగింపు చూపారు; ఇరవై నాలుగు దాటిన పెద్దలలో ఆ తేడా కనిపించలేదు. మీ అబ్బాయి బుద్ధిమంతుడని మీరు రాశారు. అది నిజమేనని నేను నమ్ముతాను. కానీ మీ ఎదుట కూర్చున్న అబ్బాయీ, వెనుక సీట్లో ముగ్గురు స్నేహితులతో బయల్దేరిన అబ్బాయీ ఆ వయసులో ఒకేలా నిర్ణయాలు తీసుకోరు. అది స్వభావ దోషం కాదు, ఆ వయసు తీరే అంత.

పేరున్న పెద్ద కారు ఇక్కడ చేసే అపకారం ఏమిటంటే, అది ఆ ముగ్గురినీ పిలుచుకొస్తుంది. కొత్త కాలేజీలో, ఎవరూ తెలియని చోట, అలాంటి కారు నడిపే కుర్రవాడు మొదటి వారంలోనే అందరికీ తెలిసిపోతాడు. ఎంత పోతుందో చూపించమంటారు. ఒక్కసారి నన్ను నడపనివ్వమంటారు. కాదంటే పిసినారి అన్న పేరు, ఔనంటే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో తెలియని చేతుల్లో కారు. కాదనడం పెద్దవాళ్లకే కష్టమైనప్పుడు, స్నేహితుల మెప్పు ఊపిరిలా అనిపించే వయసులో ఉన్నవాడిని రోజూ ఆ పరీక్షకు నిలబెట్టడం న్యాయం కాదు. తన చుట్టూ చేరినవారిలో ఎవరు తన కోసం వచ్చారో, ఎవరు కారు కోసం వచ్చారో తెలియక నలిగిపోయిన పిల్లలను చూశాను. ఆ బాధను వాళ్లు ఇంట్లో చెప్పుకోరు, ఎందుకంటే అంత ఖరీదైన కానుక ఇచ్చిన తండ్రి దగ్గర అది కృతఘ్నతలా వినిపిస్తుందని భయపడతారు.

ఇప్పుడు రెండో షరతు, అంటే కారు ఎవరిదన్న విషయం. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తానికి ఇదే కీలకం. ఫిలడెల్ఫియా చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 2009లో పీడియాట్రిక్స్ పత్రికలో రెండు పరిశీలనలు ప్రచురించారు. మొదటిదాని ప్రకారం, ఒక కారు తమకే ప్రత్యేకంగా ఉన్న పిల్లలు, ఇంటి కారును మిగతావారితో పంచుకునే పిల్లల కంటే సుమారు రెట్టింపుగా ప్రమాదాలకు గురైనట్టు చెప్పారు. రెండోదాని ప్రకారం, నియమాలు స్పష్టంగా పెట్టి, ఆప్యాయంగా ఉంటూనే ఎక్కడికి వెళ్తున్నారో కనిపెట్టుకుని ఉండే తల్లిదండ్రుల పిల్లలకు, పట్టీపట్టనట్టుండే తల్లిదండ్రుల పిల్లల కంటే ప్రమాదాలు సగమే. ఇలాంటి పరిశీలనలు కారణాన్ని నూటికి నూరుపాళ్లు నిరూపించవు; సొంత కారున్నవాడు ఎక్కువ దూరం నడుపుతాడనీ అనవచ్చు. కానీ నేను ఇళ్లలో చూసినది దీనికి సరిగ్గా సరిపోతుంది. తాళంచెవి హాల్లో గోడకు వేలాడుతుంటే, దాన్ని తీసుకునేవాడు ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి వస్తావు అన్న మూడు ప్రశ్నలకు సహజంగానే జవాబు చెబుతాడు, అడిగేవాళ్లూ నిఘా పెట్టినట్టు కాకుండా మామూలుగా అడగగలుగుతారు. అదే తాళంచెవి అతని జేబులో ఉంటే ఆ ప్రశ్నలే అతని స్వేచ్ఛలో జోక్యం అవుతాయి. రిబ్బను కట్టి ఇచ్చిన కానుకను వారం తర్వాత షరతులతో వెనక్కి తీసుకోవడం ఏ తండ్రికీ చేతకాదు. అందుకే మొదట్లోనే కారు కుటుంబానిదిగా రావాలి, రిజిస్ట్రేషన్ మీ పేరునో మీ శ్రీమతి పేరునో ఉండాలి, మీరు కూడా వారానికి కొన్నిసార్లయినా దాన్ని నిజంగా నడపాలి. కాగితం మీద మాత్రమే కుటుంబానిది అయితే ప్రయోజనం లేదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎక్కువగా ఎవరు నడుపుతారని అడిగితే నిజమే చెప్పండి. ప్రీమియం తగ్గుతుందని మీ పేరు చెప్పి, అసలు నడిపేవాడు వేరని తేలితే, చాలాచోట్ల పరిహారం ఇవ్వడానికి నిరాకరిస్తారు. ఎదుటివారికి గాయమైన రోజున ఆ నిరాకరణ ఎంత దూరం వెళ్తుందో మీకు చెప్పనక్కర్లేదు.

నియమాల విషయంలో మీరు కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. న్యూజిలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లకు దశలవారీ లైసెన్స్ విధానం తెచ్చింది. రాత్రి పది నుంచి ఉదయం అయిదు వరకు ఒంటరిగా నడపకూడదని, అనుభవమున్న పెద్దవారు పక్కన లేకుండా ప్రయాణికులను ఎక్కించుకోకూడదని అందులో నిర్దేశించారు. తర్వాత కెనడా, అమెరికా రాష్ట్రాలు రకరకాల రూపాల్లో అనుసరించాయి. మీ దగ్గర చట్టం అడగకపోయినా, మొదటి ఆరు నెలలు రాత్రి ప్రయాణం వద్దు, స్నేహితుల్లో ఒక్కరికి మించి వద్దు అన్న రెండు నియమాలూ మీ ఇంట్లో పెట్టుకోవచ్చు. ఫోను, మద్యం, సీటుబెల్టు విషయాల్లో మినహాయింపులు ఉండవని వేరే చెప్పనక్కర్లేదు. రాత్రి ఆలస్యమైతే ఎన్ని గంటలకైనా ఫోను చేయవచ్చని, వచ్చి తీసుకువెళ్తారని, ఆ రాత్రికి ఏ ప్రశ్నా అడగరని కూడా అతనికి తెలియాలి. ఆ మాట లేని నియమం అతన్ని దొంగచాటుగా నడపడానికే పురికొల్పుతుంది.

డబ్బు విలువ నేర్పడం గురించి మీ శ్రీమతికి ఒక మాట చెప్పాలి. కారు ధరలో కొంత భాగం పిల్లవాడే సంపాదించాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబడతారు. మధ్యతరగతి ఇంట్లో దానికి అర్థం ఉంది. తండ్రి అలాంటి కార్లు అయిదారు కొనగలడని తెలిసిన పిల్లవాడికి అది నాటకంలాగే తోస్తుంది, ఆ అనుభూతి తప్పు కాదు కూడా. నిజమైన బాధ్యత కారు వచ్చిన తర్వాత అప్పగించండి. నెలకు ఇంధనానికి ఇంత అని ఒక మొత్తం ఇచ్చి, అది అయిపోతే నడక లేదా బస్సు అని చెప్పండి. టైర్లలో గాలి చూసుకోవడం, సర్వీసుకు తేదీ తీసుకుని కారు స్వయంగా అప్పగించి బిల్లు చదివి తీసుకురావడం, జరిమానా పడితే తన చేతిఖర్చుల్లోంచి కట్టుకోవడం అతని పనులు కావాలి. డ్రైవరు చేతో, ఆఫీసు మనిషి చేతో చేయించకండి.

గీతల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అవి తప్పకుండా పడతాయి. కొత్తగా నడిపే ఎవరైనా మొదటి ఏడాది పార్కింగులో ఎక్కడో ఒకచోట తగిలిస్తారు, గేటుకో స్తంభానికో రాసుకుంటారు. మధ్యరకం కారుకు పడిన గీత ఇంట్లో చెప్పుకోదగిన విషయం. విపరీతమైన ఖరీదున్న కారుకు పడిన గీత రెండు దారుల్లో ఒకదానికి తీసుకెళ్తుంది: భయపడి దాస్తాడు, లేదా నాన్న చూసుకుంటాడులే అని వదిలేస్తాడు. మొదటిది అబద్ధం అలవాటు చేస్తుంది. రెండోది అంతకంటే చెడ్డది, ఎందుకంటే జరిగిన ప్రతి నష్టానికీ వెనుక డబ్బు నిలబడుతుందన్న నమ్మకం రోడ్డు మీద మనుషుల దాకా పాకుతుంది. బరువైన కారు లోపలివాళ్లను కాపాడుతూనే బయట నడిచేవారికీ, ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారికీ ఎక్కువ హాని చేస్తుంది. మీ అబ్బాయి క్షేమం గురించి ఆలోచించే హక్కు మీకున్నట్టే, అవతలివారి పిల్లల క్షేమం గురించి ఆలోచించే బాధ్యత కూడా కారు కొనేవారిగా మీదే. గీత పడినప్పుడు మీరు మొదట అడగవలసింది ఎలా జరిగిందని, ఎంతవుతుందని కాదు. జవాబు విన్నాక మరమ్మతు ఖర్చులో కొంత అతని నుంచి తీసుకోండి.

సంపన్న కుటుంబాల పిల్లల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సునియా లూథర్, వారిలో ఆందోళన, మత్తుపదార్థాల వాడకం అందరూ ఊహించినదానికంటే ఎక్కువని గుర్తించి, సాధించాలన్న ఒత్తిడి, తల్లిదండ్రులతో దూరం అన్న రెండింటినీ ముఖ్య కారణాలుగా చూపారు. మీరు కానుక ఇవ్వాలనుకోవడం వెనుక ప్రేమ ఉందని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. ఆ ప్రేమను కారు రూపంలో కంటే, మొదటి మూడు నాలుగు నెలలు వారానికి రెండు గంటలు అతని పక్క సీట్లో కూర్చోవడంలో చూపండి. వానలో, చీకట్లో, హైవే మీద, ఇరుకు సందుల్లో అతను నడుపుతుంటే మీరు కూర్చుని ఉండాలి, సాధ్యమైనంత తక్కువ మాట్లాడాలి. లైసెన్స్ పరీక్ష ఈ పరిస్థితులను వేటినీ పూర్తిగా పరీక్షించదు. పక్కనున్న పెద్దవారి వల్ల ముప్పు ఎంత తగ్గుతుందో పైన చెప్పిన అంకెలు మళ్లీ చూడండి.

ఇక ఏది కొనాలి? కొత్తదో, రెండు మూడేళ్లు వాడినదో, మధ్యస్థ పరిమాణంలో ఉన్న సెడాన్ గానీ మరీ ఎత్తులేని ఎస్‌యూవీ గానీ చూడండి. క్రాష్ పరీక్షల్లో అత్యున్నత రేటింగు, స్టెబిలిటీ కంట్రోల్, అన్నివైపులా ఎయిర్‌బ్యాగులు, తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ ఉండాలి, ఇంజన్ ఆ మోడల్‌లో దొరికే అన్నిటికంటే చిన్నది కావాలి. మీకు ఇష్టమైన కంపెనీయే కావాలంటే అభ్యంతరం లేదు, చిన్న ఇంజన్ మోడల్ తీసుకోండి. వేగానికి హద్దు పెట్టే తాళంచెవులు కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. ఫోర్డ్ మైకీ అన్నది ఇలాంటిదే, వోల్వో కేర్ కీ గరిష్ఠ వేగాన్ని మీరు నిర్ణయించే వీలు కల్పిస్తుంది, షెవ్రొలెలో టీన్ డ్రైవర్ అన్న సదుపాయం ఎంత వేగంగా నడిపారో ప్రయాణం తర్వాత చూపిస్తుంది. వీటిని అతనికి తెలియకుండా వాడకండి. మొదటి నెల అద్దాలు చూసి పార్క్ చేయడం నేర్చుకునే వరకు వెనుక కెమెరా మీద ఆధారపడనివ్వకండి. కారులో సాయం చేసే యంత్రాలన్నీ డ్రైవరుకు ముందుగా చేతకావలసినవాటికి అదనమే.

మిగిలింది మీరు ఇచ్చిన మాట. అది వెనక్కి తీసుకోవడం కష్టమని తెలుసు, తీసుకోవద్దనే అంటాను, వాయిదా వేయండి. ఈ వారంలోనే, మీరిద్దరూ కలిసి, మీ అబ్బాయితో సూటిగా చెప్పండి: తొందరపడి మాట ఇచ్చాను, నీ మీద నమ్మకం లేక కాదు, ఆ కారుకు కావలసిన అనుభవం ఇంకా ఎవరికీ ఇంత త్వరగా రాదు, రెండేళ్ల తర్వాత, ప్రమాదాలూ పెద్ద జరిమానాలూ లేకుండా గడిస్తే, అదే మాట మీద మళ్లీ మాట్లాడుకుందాం. తేదీ కాగితం మీద రాసి అతనికివ్వండి. అలుగుతాడు, కొన్ని రోజులు మాట్లాడకపోవచ్చు, స్నేహితులకు ఇప్పటికే చెప్పుకుని ఉంటే చిన్నతనంగా కూడా ఉంటుంది. ఆ ఇబ్బందిని తేలిగ్గా తీసిపారేయకండి, నా వల్లే కలిగిందని ఒప్పుకోండి. ఒకవేళ బుకింగ్ డబ్బు కట్టేసి ఉంటే, డెలివరీకి ముందే డీలరుతో మాట్లాడి అదే మోడల్‌లో చిన్న ఇంజన్‌కు మార్చమని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే ఆ కారు మీరు వాడుకుని, ప్రస్తుతం మీరు నడుపుతున్నది పైన చెప్పిన లక్షణాలకు సరిపోతే దాన్నే అతనితో పంచుకోండి.